ముందు నువ్వు నడువు, వెనక నేనున్నా!

హోర్ముజ్ జలసంధి పేరు వార్తల్లోకి ఎక్కినప్పుడల్లా అగ్రరాజ్యం మీసం మెలేస్తుంది: "భయపడకండి, మీ ఓడల వెంట మేమున్నాం." మాటలో అబద్ధమేమీ లేదు. వెంటే ఉంటారు. ఎంత వెనక అన్నదే మనం చూసుకోవాలి.

1987లో ఏం జరిగిందంటే, ఇరాన్-ఇరాక్ యుద్ధంలో కువైట్ ట్యాంకర్లు దెబ్బలు తింటుంటే అమెరికా పదకొండింటికి తన జెండా కట్టింది. వాటిలో "అల్ రెక్కా"కి బారసాల చేసి "బ్రిడ్జ్‌టన్" అని పేరు పెట్టింది. ముందూ వెనకా యుద్ధనౌకలు, ఊరేగింపు. జలసంధి గండం గడిచింది, హమ్మయ్య అనుకున్నారు. జూలై 24న ఫార్సీ దీవి దగ్గర నీళ్లలో ఆ ఓడ కింద మైను పేలింది. పాపం, మైనుకి పేరు చదవడం రాదు, జెండా గుర్తుపట్టడం అంతకంటే రాదు!

ఆ తర్వాత జరిగిందే అసలు వినోదం. యుద్ధనౌకలన్నీ బుద్ధిగా ట్యాంకరు వెనక వరస కట్టాయి. దానిది భారీ శరీరం కదా, ఇంకోటి తగిలినా ఓర్చుకుంటుంది. తమ రేకు పలచన. దొంగలున్నారని లాంతరు ఇంటాయన చేతికిచ్చి, తాను ఆయన నీడలో నడిచే తలారిని ఎక్కడైనా చూశారా?

జలసంధి చోటు కూడా అలాంటిదే. ఇరుకైన చోట 33 కిలోమీటర్ల వెడల్పు. అందులో ఓడలు వెళ్లే దారి, వచ్చే దారి ఒక్కోటీ సుమారు 3 కిలోమీటర్లు. 2024లో ఈ సందులోంచే రోజుకు 2 కోట్ల బ్యారెళ్ల చమురు పోయింది. ప్రపంచం వాడేదాంట్లో అయిదో వంతు. ఖతార్ గ్యాసు అదనం. దీన్ని మూయడానికి మైను కూడా అక్కర్లేదు, ఉందన్న పుకారు చాలు. బీమా కంపెనీ గుమాస్తా కలం తీసి ప్రీమియం పెంచాడా, ఓడలు లంగరు దించేస్తాయి. ఆ కలాన్ని అడ్డుకునే క్షిపణి ఇంకా తయారు కాలేదు.

ఇరాన్ మాత్రం తక్కువ తిందా? ఖార్గ్ దీవిలో నింపుకున్న తన చమురూ ఆ గుమ్మంలోంచే బయటికెళ్లాలి. అయినా కోపమొస్తే తాళంచెవే ఊపుతుంది.

మళ్లీ మైన్ల సంగతికొస్తే, 1988 ఏప్రిల్ 14న "శామ్యూల్ బి. రాబర్ట్స్" అనే అమెరికా యుద్ధనౌకే స్వయంగా మైను తొక్కింది. ఆ మైను నమూనా 1908 నాటిది. నౌక మరమ్మతుకు దాదాపు 9 కోట్ల డాలర్లు. మైను వేసినవాడు మాత్రం ఇంకోటి కోసం ఇల్లు తాకట్టు పెట్టుకోనక్కర్లేదు.