మూత ఎందుకు గుండ్రం?

మా మేనల్లుడికి హైదరాబాదులో ఒక స్టార్టప్ ఉంది. ఉద్యోగానికి ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాడు: "మేన్‌హోల్ మూత గుండ్రంగానే ఎందుకుంటుంది?" మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూల పుణ్యమా అని లోకమంతా పాకిన ప్రశ్న అది. చదరపు మూతకి భుజం కన్నా కర్ణం పొడవు కాబట్టి ఏటవాలుగా తిప్పితే తన కంతలోంచే లోపలికి జారిపోతుంది. గుండ్రటిది ఎటు తిప్పినా పడదు. ఈ జవాబు అందరూ బట్టీపట్టి వస్తున్నారని వాడి బాధ.

"నలుగురూ ఆలోచించినట్టు ఆలోచించేవాడు వ్యాపారానికి పనికిరాడు మావయ్యా" అంటాడు. కావచ్చు. రైల్వే పింఛను మీద బతికేవాణ్ని, నాకేం తెలుస్తుంది?

లిలువాలో మా ఇంటికి వచ్చినప్పుడు వాడికో సంగతి చెప్పాను. న్యూయార్క్ వీధుల్లో 'మేడిన్ ఇండియా' అని ఉన్న మూతలు కనిపిస్తాయే, వాటిలో చాలా మా హౌరా ఫౌండ్రీల్లో పోసినవేనని. ఎగిరి గంతేశాడు. చూసి తీరాలన్నాడు.

2007లో న్యూయార్క్ టైమ్స్ ఇక్కడి ఫౌండ్రీ ఒకదాని ఫొటోలు వేసింది. ఒంటి మీద చొక్కాల్లేవు, కాళ్లకి చెప్పుల్లేవు, పోసేది కరిగిన ఇనుము. అవి చూశాక, మూతలు కొనే కాన్ ఎడిసన్ కంపెనీ ఇకమీదట కాంట్రాక్టుల్లో కార్మికుల భద్రత షరతులు చేరుస్తామంది. నేను వాణ్ని తీసుకెళ్లిన చోటికి ఆ షరతులు ఇంకా నడిచి వస్తున్నట్టున్నాయి.

ఇసుక అచ్చులు వరసగా పరిచి ఉన్నాయి. ఎర్రటి ఇనుము పోస్తుంటే మావాడు పది అడుగుల దూరంలో నిలబడి కూడా మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చల్లారిన మూతలు పేరుస్తున్న మనిషి మా మాటలు విని తెలుగులో పలకరించాడు. తాతల నాడు శ్రీకాకుళం నుంచి జూట్ మిల్లు పనికి వచ్చిన కుటుంబమట.

మావాడు ఆగుతాడా? అడిగేశాడు.

"గుండ్రంగా ఉంటే మొయ్యక్కర్లేదు గదా బావూ, దొర్లించుకుపోవచ్చు" అన్నాడతను.

"అదీ ఒకటనుకో. అసలు కారణం వేరే ఉంది" అని మావాడు చదరాలూ కర్ణాలూ నేల మీద పుల్లతో గీసి మరీ చెప్పాడు. అతను వంగి శ్రద్ధగా చూశాడు.

"కంతలో పడకూడదని ఇంత ఆలోసించినారా! ఎవురో గాని గొప్ప బుర్ర. మరి మా కాలి మీద పడకుండా ఉండాలంటే ఏ ఆకారంలో సెయ్యాల బావూ?"

అప్పుడు చూశాను. అతని ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు.

మావాడి కళ్లు మెరిశాయి. గబగబా ఫోను తీసి రాసుకున్నాడు.

"అబ్బ, ఏం ప్రశ్న మావయ్యా! ఇంత కొత్తది ఎక్కడా వినలేదు. సోమవారం ఇంటర్వ్యూల్లో ఇదే అడుగుతా."