బియ్యం సరే, పప్పేదీ?

మా రోజుల్లో ఆబిడ్స్‌లో పావలా ఉంటే రాజాలా బతకొచ్చని నా ఈడు ముసలాళ్ళు కోతలు కోస్తుంటారు. నమ్మకండి. జీపీఓ పక్క సందులో ఏళ్ళ తరబడి గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి, చెప్తున్నాను. నెలాఖరొస్తే ఆ పావలాయే ఉండేది కాదు. ఇరానీ హోటల్లో పౌనా చాయ్ ఒకటి చెప్పి ఇద్దరం పంచుకునేవాళ్ళం. తాజ్‌మహల్ హోటల్లో భోజనమంటే జీతాల రోజు మాట.

కరువు చూడనివాళ్ళమూ కాదు. 1965, 66 వరసగా వానలు ఎగ్గొడితే పీఎల్ 480 కింద అమెరికా గోధుమలు, ఎర్రజొన్నలు ఓడల్లో వచ్చాయి. ఆ జొన్నరొట్టె నమలాలంటే దవడలకు బలం కావాలి. రేషన్ షాపు ముందు తెల్లారకుండానే సంచి పెట్టి, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి, ఇంటికొచ్చి మొహం కడుక్కునేవాళ్ళం. సంచిని ఎవరూ ముందుకు జరపరు, రాయిని ఎవరూ తీయరు. ఆ మర్యాద మాత్రం ఉండేది. 1974లో ఒక్క ఏడాదిలో ధరలు పాతిక శాతం పైగా పెరిగాయి. అప్పుడు రోడ్డెక్కాం. ఖాళీ కంచాలు మోగించుకుంటూ ఆడవాళ్ళు నాంపల్లి నుంచి అసెంబ్లీ వైపు నడిచేవాళ్ళు. ఇప్పుడో? 2023 జులైలో టమాటా కిలో నూట యాభై దాటితే మన పిల్లలు ఏం చేశారు? టమాటాకు నగల పెట్టె పెట్టి బొమ్మ చేసి ఫోన్లో పంపుకున్నారు. నాకూ పంపారు. నవ్వు రాలేదని చెప్తే తాతకు హాస్యం తెలీదన్నారు.

మొజంజాహీ మార్కెట్ సంగతి చూడండి. 1935లో కట్టింది. మా రోజుల్లో అది అసలు సిసలు పళ్ళ మార్కెట్. పొద్దుగూకేసరికి మగ్గిన అరటిపళ్ళు, దెబ్బతగిలిన బత్తాయిలు కుప్పపోసి అగ్గువకు అమ్మేసేవాళ్ళు. బస్తీల పిల్లలు పండు రుచి చూసింది ఆ కుప్పల దగ్గరే. టోకు వ్యాపారం గడ్డిఅన్నారం పోయింది, అక్కణ్ణుంచి ఇంకా దూరం బాటసింగారం పోయింది. కట్టడానికి మరమ్మతు చేసి 2020లో దీపాలు పెట్టారు. బాగుంది, కాదనను. జనం ఫోటోలు దిగుతారు, ఐస్‌క్రీం తింటారు. డజను బత్తాయిలు కొందామని వెళ్ళినవాడు మాత్రం ధర విని రెండు కొనుక్కొస్తాడు.

మా మనుమడు నాంపల్లి కోర్టులో జూనియర్ వకీలు. నా సణుగుడు వినీ వినీ ఒకరోజు నల్లకోటు తీసి కుర్చీకి తగిలించి, "తాతా, మీ రోజుల్లో తిండి దయ. మా రోజుల్లో హక్కు. 21వ అధికరణం" అన్నాడు. ఆ అధికరణంలో అన్నం మాట ఎక్కడుందిరా అన్నాను. అక్కడ లేదట. జీవించే హక్కు అంటే బతకడానికి కావలసిన తిండి కూడా అందులో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు చెప్పిందట. తిండి గురించి విడిగా రాసింది 47వ అధికరణంలో. ప్రజల పౌష్టికాహార స్థాయిని పెంచడం రాజ్యం విధి అని. కాకపోతే అది ఆదేశిక సూత్రం. ప్రభుత్వం పాటించకపోయినా ఆ ఒక్క సూత్రం పట్టుకుని కోర్టుకెక్కలేం.

ఈ 47 ఉందే, దాని కథ మన రాష్ట్రంలో చూసినవాళ్ళకే తెలుసు. అందులో రెండు పనులున్నాయి. ఒకటి తిండి పెంచడం, రెండోది మద్యం మాన్పించడం. 1983లో ఎన్టీ రామారావు వచ్చి కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాడు. ఎన్నికల ముందు కాంగ్రెస్ వాళ్ళు హడావిడిగా రూపాయి తొంభైకే ఇస్తామన్నారు గానీ జనం నమ్మలేదు. ఏడాదికి ఆరు వేల లోపు ఆదాయం ఉన్న ఇంటికి పచ్చకార్డు, మనిషికి అయిదు కిలోలు, ఇంటికి పాతిక మించకుండా. మా ఆఫీసు చప్రాసీ ఇంట్లో మొదటిసారి నెలంతా రెండు పూటలా పొయ్యి వెలిగింది. ఇది నేను విన్నది కాదు, చూసింది. అదే ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు కూడా ఊరూరా పంపింది. ఆడదాని చేతికి బియ్యం, మొగుడి చేతికి ప్యాకెట్టు. బియ్యం లోటు ఆ ప్యాకెట్టు మీద పూడ్చుకోవడం. 1992లో దూబగుంట రోశమ్మ, నెల్లూరు ఆడవాళ్ళు తిరగబడితే గానీ ఆ లెక్క బయటపడలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఖజానాకు కన్నం పడింది. 1996లో చంద్రబాబు బియ్యం మూడున్నర చేశాడు, 1997లో నిషేధమూ సడలించాడు. ఒకే అధికరణంలోని రెండు విధుల్నీ రెండేళ్ళలో పక్కన పెట్టేశారన్నమాట. ఏ కోర్టూ అడగలేదు, ఆదేశిక సూత్రం కదా. ఇప్పటికీ మద్యం డబ్బు లేకపోతే ఏ పథకం నడుస్తుందో చెప్పమనండి ఏ ఆర్థిక మంత్రినైనా.

2001లో రాజస్థాన్ కరువు మీద పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వాళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతుంటే మనుషులు ఆకలితో చావడం ఏమిటని. ఆ నవంబరు 28న కోర్టు బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టి తీరాలంది, పథకాలన్నీ జనం హక్కులన్నట్టే లెక్కగట్టింది. ఆ ఆదేశాలు అమలవుతున్నాయో లేదో చూడమని 2002లో ఇద్దరు కమిషనర్లను పెట్టింది. ఒకరు ఎన్.సి. సక్సేనా, రెండోవారు మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్. ఈ ఊళ్ళో ఆయన పేరు తెలీని దళితవాడ ఉండేది కాదు. ఒంటిమనిషి, సాదా బట్టలు, జీతం సగానికి పైగా ఎవరెవరి పిల్లల చదువులకో పోయేదని చెప్పుకునేవారు. వెట్టిచాకిరీ విడిపించడానికి ఊళ్ళు పట్టుకు తిరిగినవాడికి ఢిల్లీ కోర్టు పని అప్పజెప్పడం సరైనదే. ఇప్పటి పిల్లల్ని శంకరన్ ఎవరని అడిగితే సినిమా డైరెక్టరా అంటారు.

ఆ కేసు పుణ్యమా అని 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. మనిషికి నెలకు అయిదు కిలోల ధాన్యం. పల్లెల్లో నూటికి డెబ్భై అయిదు మందికి, పట్నాల్లో యాభై మందికి. బియ్యం మూడు రూపాయలు, ఇప్పుడది కూడా తీసేసి ఉచితం. తెలంగాణలో ఆరు కిలోలు, 2025 ఉగాది నుంచి దొడ్డుబియ్యం పోయి సన్నబియ్యం. మెచ్చుకోవలసిందే. దొడ్డుబియ్యం రోజుల్లో షాపులో తీసుకుని వీధి మొగలోనే దళారికి అమ్ముకున్నవాళ్ళు ఎందరో. ఇప్పుడు వండుకుంటున్నారు.

ఇంతవరకూ నా మనుమడు గెలిచాడు. కానీ అదే 2013 ఉగాదికి ఇంకో సంగతి జరిగింది, అది వాడికి తెలీదు, అప్పుడు వాడు నిక్కర్లలో ఉన్నాడు. కిరణ్ కుమార్ రెడ్డి అమ్మహస్తం అని ఒక సంచి ఇచ్చాడు. నూట ఎనభై అయిదు రూపాయలకు తొమ్మిది సరుకులు. కిలో కందిపప్పు, పామాయిల్, గోధుమపిండి, గోధుమలు, చక్కెర, ఉప్పు, చింతపండు, కారం, పసుపు. చింతపండులో పీచు ఎక్కువని, కారంలో రంగు ఎక్కువని జనం తిట్టారు. నేనూ తిట్టాను. అయినా వంటింటికి కావలసింది ఏమిటో తెలిసినవాడెవడో ఆ జాబితా రాశాడు. చట్టంలో ఉన్న బియ్యం ప్రభుత్వాలు మారినా, రాష్ట్రమే రెండైనా నిలిచింది. ముఖ్యమంత్రి దయతో వచ్చిన సంచి ఆ ముఖ్యమంత్రితోనే పోయింది.

నా గొడవంతా ఇక్కడే. ధరలు పైకి ఎగబాకేది ఎక్కడ? బియ్యంలో కాదు. పప్పులో, నూనెలో, పాలలో, కూరల్లో. కందిపప్పు 2015లోనే కిలో రెండు వందలు చూపించింది. ఉల్లి 2019లో నూట యాభై. చట్టం కాపలా కాస్తున్నది ధరలు పెద్దగా కరవని గింజల్ని, వదిలేసింది కరిచే వాటిని. ఆరు కిలోలంటే మనిషికి రోజుకు రెండు వందల గ్రాముల బియ్యం. దానిలోకి ఏమిటి? కారం, నూనెచుక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి డెబ్భై మందికి రక్తహీనత, ముప్ఫై మూడు మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు. బియ్యం లేకనా? పళ్ళెంలో బియ్యం తప్ప వేరే లేకనే. ప్రపంచమంతా చూసినా అంతే, 2024లో సరైన ఆహారం కొనలేనివాళ్ళు దాదాపు 260 కోట్ల మందని ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క. ఆకలికి కొలత అన్నం ఒక్కటే అనుకోవడం పాత రోజుల అలవాటు. ఈ ఒక్క విషయంలో పాతవాణ్ణయిన నేనే కొత్తగా ఆలోచిస్తున్నాను, కుర్రవాళ్ళు పాతగా ఆలోచిస్తున్నారు.

ఆ బియ్యమైనా అందరికీ అందిందా అంటే, అదీ వినండి. మా రోజుల్లో కార్డు తీసేయాలంటే తహసీల్ ఆఫీసు గిర్దావర్ ఇంటికొచ్చేవాడు. చాయ్ తాగేవాడు, గోడ గడియారం చూసేవాడు, అవసరమైతే చెయ్యి చాపేవాడు. కనీసం మొహమైనా ఉండేది. తెలంగాణ వచ్చాక కార్డుల ఏరివేత పని కంప్యూటర్‌కు అప్పజెప్పారు. వాహనాల లెక్క, ఇళ్ళ లెక్క, కరెంటు లెక్క కలిపి చూసి అది అనర్హుల్ని తేల్చింది. రద్దయిన కార్డులు 19 లక్షలు. రిక్షా తొక్కిన మనిషికి కారుందని తేల్చిన సందర్భం ఈ నగరంలోనే ఉంది. పేరు దగ్గర పేరు కలిస్తే చాలు దానికి. ఇంటికి మనిషి రాలేదు, ముందు నోటీసు లేదు. మన హైదరాబాదు కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీన్ని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళాడు. రద్దయిన కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్ళి తనిఖీ చేయండని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. తిరిగి చూస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. మధ్యలో పోయిన నెలల బియ్యం ఎవరిచ్చారు? ఇవ్వాల్సింది ఇవ్వకపోతే భత్యం చెల్లించాలని అదే చట్టంలో రాసి ఉంది. ఆ భత్యం అందుకున్నవాడు నాకింతవరకూ ఎదురుపడలేదు.

మరి ఇల్లే లేనివాడి సంగతి? కార్డు లేదు, పొయ్యి లేదు. 2014 మార్చిలో నాంపల్లి సరాయి దగ్గర కార్పొరేషన్ వాళ్ళు అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టారు. అన్నం, పప్పు, కూర, పచ్చడి. చూడండి, పప్పు ఉంది! బేగంబజార్ హమాలీలు, కోర్టు వాయిదాలకు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, నిలోఫర్ ఆస్పత్రిలో పిల్లల్ని చేర్చి బయట తిరిగే తల్లులు, ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడ్డ నిరుద్యోగులు, అందరూ ఆ లైన్లోనే. వాళ్ళిచ్చే అయిదు ఇప్పటికీ అయిదే, పెరిగిన ఖర్చు కార్పొరేషన్ మోస్తోంది. 2025 సెప్టెంబరులో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి టిఫినూ కలిపారు. నేనూ తిన్నాను. సాంబారు పల్చన, అన్నం ధారాళం. కానీ ఇదీ దయే. దేశమంతటా ఇలాంటి వంటశాలలు పెట్టించండని వేసిన దావాను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముగించేసింది. ఆహార భద్రతా చట్టం ఉంది, వంటశాలలు పెట్టడమా మానడమా రాష్ట్రాల ఇష్టం అంది. అంటే రేపు ఇంకొకరొచ్చి తాళం వేస్తే నాంపల్లి లైన్లో ఉన్నవాడు పట్టుకెళ్ళి చూపించడానికి ఒక్క సెక్షనూ లేదు. నేపాల్ 2015 రాజ్యాంగంలో ఆహార హక్కును నేరుగా రాసుకుంది. మనం ఇంకా 21లో వెతుక్కుంటున్నాం.

మనుమడు అంటాడు, చట్టంలో పప్పు, నూనె రాస్తే ఖజానా తట్టుకోదు తాతా అని. 1983లో బియ్యానికీ ఇదే అన్నారు. లెక్కలు తెలిసినవాళ్ళంతా అన్నారు. నలభై ఏళ్ళయింది, ఖజానా ఇంకా ఉంది.

కాబట్టి చదువుకున్నవాళ్ళు రెండు పనులు చెయ్యండి. మీ పనిమనిషి కార్డో, వాచ్‌మన్ కార్డో ఆగిపోయిందంటే అయ్యో అని ఊరుకోకండి. 1967కు ఫోన్ చెయ్యండి, ఆ పైన కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. పని కాకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాయండి, అది ఉన్నది అందుకే. ఇక ఓట్లకు వచ్చినవాడు సన్నబియ్యం గురించి చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, మెచ్చుకోండి కూడా. మెచ్చుకున్నాక, కిలో పప్పు, లీటరు నూనె చట్టంలో ఎప్పుడు రాయిస్తావని అడగండి.