కిజీజీ నాన్న

టొరంటో చుట్టుపక్కల తెలుగువాళ్లవి నాలుగిళ్లున్న వీధిలో ఒక కిజీజీ నాన్న తప్పకుండా ఉంటాడు. బ్రాంప్టన్, మిల్టన్ వైపయితే ఇద్దరు. మంచి ఉద్యోగం, నాలుగు బెడ్‌రూముల ఇల్లు, ఇంటికన్నా పెద్ద మార్ట్‌గేజ్. చేతిలో లేక కాదు ఆయన పొదుపు. పూర్తి ధర పెట్టి ఏదన్నా కొంటే ఆ రాత్రి నిద్ర పట్టదు, అంతే.

ఈయన ప్రతాపం చూడాలంటే కూతురికి పదిహేనో ఏడు రావాలి. గోడ మీది యువరాణుల స్టిక్కర్లు పీకేసి, "నాన్నా, రూమ్ మొత్తం మార్చాలి, నాకో వైబ్ కావాలి" అంటుందా పిల్ల.

"అలాగేనమ్మా. వైబ్ ఎంతుంటుంది?"

మూడొందల డాలర్లు బడ్జెట్ అని భోజనాల దగ్గర ప్రకటిస్తాడు. చెయ్యి కడుక్కునే లోపు మనసులో నూటయాభై చేసేస్తాడు.

ముందు అందర్నీ ఐకియాకి తీసుకెళ్తాడు. కొనడానికి కాదు, కొలవడానికి. అక్కడ ఊరికే ఇచ్చే కాగితం టేపు, బుల్లి పెన్సిలు పుచ్చుకుని మంచం, బల్ల, అలమారా కొలతలు రాసుకుంటాడు. ఇంటికొచ్చి అవే పేర్లు కిజీజీలో వెతుకుతాడు. 2005లో కెనడాలో మొదలైన ఈ ఆన్‌లైన్ పాత సామాన్ల అంగడి మీద ఆయనకున్న భక్తి ఇంట్లో దేవుడి గూటి మీద కూడా లేదు. మనిషీ మనిషీ చేసుకునే పాత సామాను బేరానికి ఒంటారియోలో 13 శాతం హెచ్‌ఎస్‌టీ పన్ను పడదు మరి!

"ఈజ్ దిస్ అవైలబుల్?" అని మెసేజ్ పెడతాడు. అవునని జవాబు రాగానే, "లాస్ట్ ప్రైస్?" నలభై డాలర్ల బల్ల ఇరవైకి దిగేసరికి అమ్మేవాడికి బల్ల మీదే కాదు, జీవితం మీదే విరక్తి పుడుతుంది. బల్ల ఓక్‌విల్‌లో ఉంటుంది. డబ్బున్నవాళ్లు వస్తువులు అరగదీయరని ఆయన సిద్ధాంతం. 407 హైవే ఎక్కితే టోలు పడుతుంది కనుక, ఊళ్లో ఉన్న ట్రాఫిక్ లైట్లన్నిటి దగ్గరా ఆగుతూ వెళ్తాడు. తీరా వెళ్తే బల్ల కారులో పట్టదు. మిత్రుడి వ్యాన్ అడుక్కుని మళ్లీ వెళ్తాడు. ఇంటికి తెచ్చి విప్పితే నాలుగు స్క్రూలు ఉండవు.

"ఆ గ్యాసుకెంతయిందో అదీ రాయండి" అంటుంది ఇల్లాలు.

"అది వేరే పద్దు" అంటాడు.

రంగు సంగతి మరీ ఘోరం. పిల్ల సేజ్ గ్రీన్ అడిగింది. పెయింట్ షాపులో ఇంకెవరికోసమో కలిపి, వాళ్లకి నచ్చక వదిలేసిన డబ్బాలు చవగ్గా అమ్ముతారు. "గ్రీనేగా!" అని ఒకటి పట్టుకొచ్చి, శనివారమంతా గోడలకి కొట్టాడు. ఆరాక చూస్తే ఉడికిన గోంగూర. పిల్ల గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసి, "నాన్నా, దిస్ ఈజ్ నాట్ ద వైబ్" అంది. రాత్రికి లైట్లు పెడితే తెలీదని ఓదార్చాడు.

లైట్లంటే డాలరామాయే. 2009 దాకా ఆ షాపులో ఏదైనా ఒక్క డాలరే. ఆ ఏడాది ధర పెంచారన్న దిగులు ఆయనకి ఈనాటికీ పోలేదు. బిల్లు కట్టడంలోనూ విద్య ఉంది. 2013లో పెన్నీలు ఆపేశాక నగదు బిల్లుని దగ్గరి ఐదు సెంట్లకి సర్దుతారు కదా. చివర ఒకటో రెండో వస్తే నోటు తీస్తాడు, మూడో నాలుగో వస్తే కార్డు. వెనక లైన్లో ఉన్నవాళ్లు ఈ గణితం పూర్తయ్యేదాకా ఆగాల్సిందే.

ఇంతటి మనిషీ ఒకరోజు అదిరిపడ్డాడు. పిల్ల వేల్యూ విలేజ్ అనే పాత బట్టల షాపు నుంచి వెలిసిపోయిన స్వెటరొకటి ఎనిమిది డాలర్లకి తెచ్చుకుని మురిసిపోతోంది. "ఎవరో విడిచిన బట్టలా! మనకేం ఖర్మ?" అని అరిచాడు, ఎవరో పడుకున్న మంచం మీద కూర్చుని.

గది తయారయ్యాక ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపిస్తాడు. తలుపు మీద "నాక్ ప్లీజ్" అని ఉన్నా సరే. "ఈ ల్యాంపు రీస్టోర్‌లో కొన్నా. ఇళ్లు కట్టించే హ్యాబిటాట్ వాళ్ల షాపు. మొదటిది 1991లో విన్నిపెగ్‌లో పెట్టారు" అని స్థలపురాణం చెప్తాడు. తర్వాత పరీక్ష: "ఈ బల్ల ఎంతుంటుందంటారు?" అనుభవజ్ఞులు నూటయాభైకి తగ్గరు. "ఇరవై!" అని ఆయన, "అబ్బో!" అని వాళ్లు. అందరికీ తృప్తి.

మొన్న చదువుకోడానికి కొత్తగా వచ్చిన కుర్రాళ్లలో ఒకడు బల్ల అంతా తడిమి చూసి, "పదికి ఇచ్చుంటారంకుల్" అన్నాడు నిజాయితీగా. వెళ్లేటప్పుడు మిగతా కుర్రాళ్లందరికీ పులిహోర డబ్బాలు కట్టిచ్చారు. వాడికి మాత్రం మూత దొరకలేదట.