బజ్జీ సాక్షిగా

జన్యుమార్పిడి తిండిని దేశంలో పండనివ్వబోమని మన పెద్దల ఒట్టు. బీటీ వంకాయను 2010లోనే గుమ్మం బయట ఆపేశాం. జన్యు ఆవాలపై 2024లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు చెప్పారు.

పత్తి సంగతి వేరు. అది బట్ట కదా, తిండి కాదు కదా! 2002లో అనుమతి పొందిన బీటీ విత్తనం చేలన్నీ ఆక్రమించింది. గింజ మిల్లుకెళ్లి నూనైంది, నూనె మూకుట్లో పడింది. మిగిలిన చెక్క గేదె తొట్టిలోకి చేరింది. తిండి కాదు మరి!

కలుపుమందును తట్టుకునే పత్తికైతే అనుమతే లేదు. అయినా తొలకరికి ముందే లూజు సంచుల్లో ఊళ్లోకి దిగుతుంది. బిల్లడిగితే అమ్మేవాడికి నవ్వొస్తుంది. పోలీసులు నాలుగు సంచులు పట్టుకుని, వాటి వెనక వరసగా నిలబడి ఫొటో దిగుతారు.

సేంద్రియం వారూ తక్కువ తినలేదు. ప్యాకెట్ మీద ఆకుపచ్చ ఆకు పడగానే సూపర్ బజార్లో ధర చెట్టెక్కుతుంది. జీవామృతం కలిపి చేతులు కంపు కొట్టించుకున్న రైతుకు మాత్రం యార్డులో చాలాసార్లు అందరి రేటే.

ఇరుపక్షాలూ సదస్సుల్లో గొంతు చించుకుంటాయి. టీ విరామంలో వచ్చే బజ్జీలు ఏ నూనెవని ఎవరూ అడగరు. అడిగేలోపు చల్లారిపోవూ!