ఆధునికీకృత వార్ధక్యము

ప్రభుత్వ వృద్ధాశ్రమములను ఆధునిక ప్రమాణములకు తగినట్లు తీర్చిదిద్దుటకు ఏలినవారు కంకణము కట్టుకొనిరని వినినపుడెల్ల నాకు ముందుగా స్ఫురించునది రంగుల వర్తకుల భాగ్యమే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము జిల్లాకొక్కటియైనను ఆశ్రమము వెలయవలెననియు, అందు కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు తావుండవలెననియు తలచి, వైద్యమునకును వినోదమునకును ప్రమాణములు నిర్ణయించుకొను భారమును రాష్ట్రములకు విడిచినది. ఆ రెంటిలో వినోదమే సులభసాధ్యమగుటచే మన యంత్రాంగము ముందుగా గోడకు టెలివిజన్ తగిలించును. సేవాగృహములకు కనీస ప్రమాణములను శాసనబద్ధము చేయదలచిన 2019 నాటి సవరణ బిల్లు స్థాయీసంఘమును దర్శించి వచ్చి, 2024లో లోక్‌సభ రద్దగుటతో తానును గతించినది. వృద్ధులకొరకు పుట్టినది ముదిమి నెరుగకయే పోయినది.

చక్రముల కుర్చీకై కట్టు వాలుదారి 1 అడుగు ఎత్తునకు 12 అడుగుల నిడివి ఉండవలెనని ప్రమాణగ్రంథములు ఘోషించుచుండగా, స్థలాభావముచే 4 అడుగులలో ముగించిన కట్టడము ఎక్కుటకు గాక జారుటకే ఉపకరించును. అదియు చట్టము కోరిన వినోదమే కాబోలు!

మంచము పట్టిన మనిషిని సామాన్యముగా రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పనిచో నడుమునను మడమలయందును పుండ్లు పడి, ఎముక కనబడువరకును తినివేయును. దీనికి యంత్రము వలదు, టెండరు వలదు. అర్ధరాత్రమున మేల్కొనియుండు ఆయాలు చాలుదురు. కాని ఆయాకు జీతము నెలనెలా ఈయవలెను, దానికి రిబ్బను కత్తిరింప వీలులేదు, శిలాఫలకము నెక్కడ పాతుటయో తెలియదు. నెలనెలా ఇచ్చు సొమ్మనిన మనవారికి గల వైముఖ్యము కొత్తది కాదు: దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధునకు కేంద్రమిచ్చు పింఛను వాటా నేటికిని 200 రూపాయలే, ఎనుబదియేండ్లు నిండువరకు ఓపికపట్టినచో 500.

కావున నాదొక మనవి. రోగిని ప్రక్కకు త్రిప్పు ప్రతి పర్యాయమును ప్రారంభోత్సవముగా ప్రకటించి, రాత్రి పదింటికి శాసనసభ్యుడును, పండ్రెండింటికి కలెక్టరును, రెండింటికి మంత్రివర్యులును విచ్చేసి, తలా ఒక చేయి వేసి, మంచమునకొక ఫలకము నెలకొల్పుదురుగాక. ఫొటోగ్రాఫరు రాత్రిబత్తెమును మాత్రము ఆయాల జీతముల పద్దునుండి ఈయరాదు. ఆ పద్దులో ఏమియును లేదు.