బాబీ శబ్ద నిర్ణయం

అమెరికాలో రాబర్ట్ అనే పెద్దమనిషిని ఇంట్లోవాళ్లు బాబీ అంటారు. ఎందుకంటారో అడిగితే రాబర్ట్ కూడా బుర్ర గోక్కుంటాడు. అక్కడి పండితులు ఈ పేరును ప్రాచీన జర్మన్ భాషల దాకా లాక్కెళ్లి, కీర్తి ఒక ముక్క, వెలుగు ఒక ముక్క అని తేల్చారు. అంటే యశోప్రకాశరావన్నమాట. 1924 నుంచి 1939 దాకా అమెరికాలో మగపిల్లలకి ఏటా అందరికన్నా ఎక్కువగా పెట్టిన పేరు ఇదే. ఇంతమంది యశోప్రకాశరావుల రకారాన్ని బకారం ఎలా మింగిందన్నదే ప్రశ్న.

విలియం బిల్ కావడంలో చిక్కేమీ లేదు. వబయోరభేదః అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు, క్లింటన్‌గారు ఉదాహరణ. రాబర్ట్ సంగతి వేరు. కుదించి రాబ్ అన్నాక, చివరనున్న బకారం ముందుకొచ్చి పీట వేసుకుంది. (మధ్యయుగపు ఇంగ్లండులో హాబ్, డాబ్ అని కూడా పిలిచారు. అవి నిలవలేదు.) బాబ్ ఎందుకు నిలిచాడయ్యా అంటే, పళ్లు రాని నోటికి పెదవులే దిక్కు. బుజ్జి, బాబు, పాప, బుల్లి... మన గారాబంలో సగం ఓష్ఠ్యాలే. వాళ్లకీ బెట్టీ, బడ్డీ, బబ్బా ఉన్నారు. మార్గరెట్ మెగ్ అయి, అక్కడితో ఆగక పెగ్ కూడా అయింది. ఇక చివరి ఈకారం అంటారా, వెంకటేశ్వర్లుని వెంకీ చేసిందేదో అదే.

అసలు రుజువు లూసియానాలో దొరికింది. 1971లో బేటన్ రూజ్‌లో పుట్టిన పీయూష్ జిందల్, నాలుగేళ్ల వయసులో 'ది బ్రేడీ బంచ్' అనే టీవీ సీరియల్ చూసి, అందులో పిల్లాడి పేరు నచ్చి, ఇకపై తాను బాబీనని ప్రకటించారు. ఆ పేరుతోనే 2008లో గవర్నరు పీఠమెక్కారు. పామరులు దీన్ని టీవీ మహిమంటారు. పకారం పరుషం, బకారం సరళం. ఇది శుద్ధమైన సరళాదేశ సంధి. ద్రుతమెక్కడుందని గుచ్చి అడిగేవాళ్లు ఒకసారి ఆ దేశపు రోడ్లెక్కి చూడాలి.

ఒక్క ఆక్షేపణ మిగిలింది. కెనెడీల ఇంట్లో తమ్ముడు రాబర్ట్ బాబీ అయి సూత్రానికి బుద్ధిగా లొంగాడు. అన్న జాన్, దేశాధ్యక్షుడై ఉండి, ఏ సూత్రమూ లేకుండా జాక్ అయ్యాడు. ఇలాంటి ఇరకాటంలో చిన్నయసూరిగారు పట్టుకునే కొమ్మే నేనూ పట్టుకుంటున్నాను: బహుళం.