పేదరికం మీద పావలా

పసుపు కొనే ఖరీదుదారు మొదట కొమ్మును పటుక్కున విరుస్తాడు. విరిగినప్పుడు చప్పుడు ఎట్లా వచ్చిందో వింటాడు. లోపలి రంగు చూస్తాడు. తేమ ఇంత, మట్టి ఇంత అని తరుగు తీస్తాడు. తొమ్మిది నెలలు చేన్లో పెంచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి మెరుగు పట్టించిన రైతు మాత్రం పక్కన చేతులు కట్టుకొని నిలబడతాడు. తొమ్మిది నెలల కష్టాన్ని ఎవడో విరిచి చూస్తుంటే నోరెత్తకుండా నిలబడటం మా ఆర్మూరోళ్లకు తాతల నాటి విద్య.

ఈమధ్య ఆ విద్య ఇంకో పనికీ అక్కరకొస్తోంది. తొమ్మిది నెలలు మోసి కన్న తల్లిని అమెరికాకు పిలిపించుకోవడానికి.

మా వాడకట్టులో ఒక పెద్దవ్వ ఉంది. పెనిమిటి పోయి నాలుగేళ్లు. రెండెకరాల పసుపు చేను, ఒక పెంకుటిల్లు, ఒక కొడుకు. చేనూ ఇల్లూ ఆర్మూరులో, కొడుకు టెక్సాస్‌లో. 2003లో ఎమ్మెస్ చదవడానికి పోయాడు. కొన్నేళ్లు కంప్యూటర్ల ముందు కూర్చొని, ఆ తర్వాత వాటా మీద పెట్రోలు బంకు పెట్టుకొని, పౌరసత్వం తీసుకున్నాడు. మొన్న వాట్సాప్‌లో, "ఒక్కదానివి ఆడ ఏం జేస్తవే, ఈడికే వచ్చెయ్" అన్నాడు. కొడుకు పిలిస్తే పోవడమే కదా అని ఆమె చీరలు సర్దుకోబోయింది. పిలుపంటే ఒక దరఖాస్తని, దానికి నంబరూ ఫీజూ ఉంటాయని చెప్పే పని నా మీద పడింది. వాడకట్టులో ఇంగ్లిషు చదివి పనిలేకుండా కూర్చున్నది నేనొక్కణ్నే మరి.

మొదటి మెట్టు ఐ-130. ఆమె అతని తల్లేనని తేల్చే ఫారం. దానికి కొడుకు పుట్టిన సర్టిఫికెట్ కావాలి. కొడుకు పుట్టింది ఇంటి వెనక గదిలో, మంత్రసాని చేతుల మీద. ఆ రోజు బెల్లం పంచడం అందరికీ గుర్తుంది, కాగితం రాయించడం ఎవరికీ గుర్తులేదు. కాబట్టి ఇప్పుడు ఆఫీసుకు పోయి, "ఈ మనిషి పుట్టినట్టు మా రికార్డుల్లో లేదు" అని రాయించుకు రావాలి. పుట్టినట్టు లేదని సర్కారు రాసిచ్చాక, పుట్టాడని ఇద్దరు పెద్దమనుషులు ప్రమాణం చేయాలి. పైగా పెద్దవ్వ పేరు ఆధార్‌లో ఒక తీరు, పట్టా పాసుబుక్కులో ఒక తీరు, కొడుకు పదో తరగతి మెమోలో ఇంకో తీరు. ముగ్గురూ ఒక్కరేనని మరో అఫిడవిట్.

"ముగ్గుర్ల కన్నదెవలని అడుగుతరేమో కొడుకా" అంది పెద్దవ్వ. అడగరని నేను ధైర్యంగా చెప్పలేకపోయాను.

తల్లని తేలాక అసలు తూకం. దాని పేరు ఐ-864. మన భాషలో జమానతు కాగితం. "ఈమె మీ దేశానికి భారం కాదు, తిండికీ బట్టకూ నాదే పూచీ" అని కొడుకు సంతకం పెట్టాలి. ఈ భారమన్న మాట 1882లోనే అమెరికా వలస చట్టంలోకి ఎక్కింది. తనను తాను పోషించుకోలేనివాణ్ని ఓడ దిగనివ్వొద్దన్నారు. 1996లో చట్టాన్ని బిగించి, పూచీ ఇచ్చినవాణ్ని కోర్టుకు లాగొచ్చన్నారు. ఈ పూచీ ఎన్నాళ్లంటే, తల్లి అక్కడి పౌరురాలయ్యేదాకా, లేదా నలభై క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ల కొలువు ఆమె ఖాతాలో పడేదాకా, లేదా దేశం వదిలి పోయేదాకా, లేదా ప్రాణం పోయేదాకా. నలభై ఏళ్లు పసుపు తవ్విన మనిషి ఖాతాలో క్వార్టర్లు సున్నా. ఆర్మూరు మట్టి ఆ లెక్కకు రాదు.

ఇక కొడుక్కి ఎంత రాబడి ఉండాలి? అక్కడి సర్కారు గీసిన పేదరికపు గీతకు 125 శాతం. రూపాయి పేదరికం మీద పావలా ఎక్కువన్నమాట. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, పెద్దవ్వ కలిపి ఐదుగురు. 2025 లెక్కలో ఐదుగురి ఇంటికి గీత 37,650 డాలర్లు. పావలా కలిపితే 47,062. మన డబ్బుల్లో నలభై లక్షల పైమాట. పెద్దవ్వ దాన్ని తన తరాజులో వేసుకుంది. క్వింటాలు పన్నెండు వేలు పలికినా 330 క్వింటాళ్లు కావాలి. ఎకరాకు ఇరవై క్వింటాళ్ల ఎండు పసుపు దిగినా పదహారు, పదిహేడెకరాలు. అదీ కూలీలు, విత్తనం, ఎరువు ఖర్చులు తీయకుండా.

"ఆడ బీదోడంటే మనూరి పటేలన్నట్టు" అని తేల్చింది.

ఈ పూచీ కాగితాన్ని పరిశీలించడానికి 120 డాలర్ల ఫీజు వేరే. డబ్బులున్నాయని చెప్పుకోవాలంటే ముందు డబ్బులు కట్టాలి. 2025 నవంబరులో వీసా అధికారులకు పోయిన సూచనల్లో షుగరు, గుండెజబ్బు, ఊబకాయం కూడా భారం లెక్కలో వేసుకోమన్నారు. పెద్దవ్వకు పదేళ్లుగా షుగరు. ఖరీదుదారు తేమ శాతం దగ్గరికి వచ్చాడన్నమాట.

కొడుక్కి అన్ని డాలర్లు రావా అంటే, వస్తాయి. చిక్కంతా అక్కడే. పరదేశం పోయిన మన పిల్లలకు ఆదాయాలు మూడు. సంబంధం కుదుర్చుకునేటప్పుడు చెప్పేది ఒకటి, పన్నులోళ్లకు చెప్పేది ఒకటి, ఊరికొచ్చినప్పుడు అప్పడిగే బావమరిదికి చెప్పేది ఒకటి. ఐ-864 నమ్మేది నడిమిదాన్ని. బంకు ఖర్చులన్నీ పిండి పిండి రాసి, కొడుకు రిటర్నులో చూపించింది 35,000. ఇన్నేళ్లు ఆ అంకె చిన్నగా ఉన్నందుకు మురిసిపోయినవాడు ఇప్పుడు దాని ముందు తల పట్టుకు కూర్చున్నాడు. వాళ్ల నాయినది ఇంకో కథ. వ్యవసాయ రాబడి మీద మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి రిటర్ను లేదు. రిటర్ను లేదు కాబట్టి కాగితం ప్రకారం ఆయన బతికినన్నాళ్లూ రూపాయి సంపాదించలేదు. అప్పులకు మాత్రం నికార్సయిన కాగితాలున్నాయి.

ఆదాయం చాలకపోతే ఇంకొకణ్ని జమానతు తెచ్చుకోవచ్చన్నారు. కొడుకు ఆ సంగతి అక్కడున్న ఊరోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. బతుకమ్మ ఫొటో పెడితే నిమిషంలో వంద దండాలు వచ్చే గ్రూపు. ఆ రోజు చీమ చిటుక్కుమనలేదు. మర్నాడు పొద్దున ఒకాయన శివుడి బొమ్మ మీద శుభోదయం పంపి మౌనాన్ని గౌరవంగా ముగించాడు. వాళ్లను తప్పుపట్టలేం. సొసైటీ లోనుకు జామీనుండి ఎడ్లను పోగొట్టుకున్న తాతల మనవళ్లు.

బాండు పేపరు మా జిల్లాకు కొత్త కాదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు బరిలో 185 మంది నిలబడితే 170 మందికి పైగా రైతులే. ఓటేయడానికి 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. ఆ రైతుల్లో ప్రతి ఒక్కరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దాఖలు చేసినవాళ్లే. అప్పుల గడి చాలక కొందరు చిన్న అక్షరాల్లో రాసి ఉంటారు. అదే ఎన్నికల్లో, గెలిస్తే ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని ధర్మపురి అర్వింద్ బాండు పేపరు మీద రాసిచ్చారు. గెలిచారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, ప్రారంభం 2025 సంక్రాంతికి జరిగింది. మేమెరిగిన బాండు పేపరు అట్లా రబ్బరులా సాగుతుంది. సంతకం పెడితే నిజంగానే గల్లా పట్టుకొని వసూలు చేసే దేశం ఒకటుందంటే పెద్దవ్వకు నమ్మకం కుదరలేదు.

"ఇంకో దేశం జూడు మరి" అంది, సంతలో ఇంకో కొట్టు చూడమన్నట్టు.

చూశాను. కెనడాలో పేదరికపు గీత లాంటిదాని మీద ముప్పై పైసలు ఎక్కువ చూపాలి, అదీ మూడేళ్ల పన్ను లెక్కల్లో. పూచీ ఇరవై ఏళ్లు. 2019 జనవరి 28న దరఖాస్తుల తలుపు తీస్తే పదకొండు నిమిషాల్లో నిండిపోయి మూసేశారు. ఆ తర్వాత లాటరీ పెట్టారు. 2020లో వేసిన చీటీల్లోంచే 2025లోనూ పేర్లు తీశారు. ఆస్ట్రేలియాలో ఎక్కువ డబ్బు కట్టలేనివాళ్ల వరసలో నిలబడితే వీసాకు ముప్పై ఏళ్లు దాటుతుంది. పైగా కన్నపిల్లల్లో సగం మందైనా అక్కడ ఉండాలి. "నాకు ఒక్కడే గదా, వాడు సగం ఈడ సగం ఆడ ఉంటడా?" అంది. అతనిప్పుడున్నది అట్లాగే అనబోయి ఊరుకున్నాను.

దుబాయి ముచ్చట ఆమెకు నాకంటే బాగా తెలుసు. మా చుట్టుపక్కల ఊళ్లలో దుబాయి మనిషి లేని వాడకట్టు వెతికితే దొరకదు. నిజామాబాదులో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బొంబాయి, బొంబాయిలో విమానమెక్కి ఎడారి. అక్కడ తల్లిదండ్రులను దగ్గర పెట్టుకోవాలంటే నెలకు ఇరవై వేల దిర్హమ్‌ల జీతం చూపాలన్న షరతు చాలాకాలంగా నడిచింది. వెయ్యి దిర్హమ్‌లకు ఇటుకలు మోసే కొడుక్కి అమ్మ ఫోన్లోనే ఉంటుంది. ఇరవై ఏళ్లు పనిచేసినా అతనికే అక్కడ శాశ్వత చోటు లేదు, ఇక అమ్మకెక్కడిది. వాళ్ల పక్కన నిలబడితే మా పెద్దవ్వ కొడుకు కష్టం కలవారి కష్టం. అది ఆమే అంది.

ఆఖరికి దారి ఐ-864లోనే దొరికింది. ఆదాయం చాలని చోట ఆస్తి చూపించవచ్చు. తక్కువ పడ్డదానికి ఐదు రెట్లు. 47,062లో 35,000 పోతే 12,062. ఐదు రెట్లంటే 60,310 డాలర్లు. రూపాయల్లో యాభై లక్షలు దాటుతుంది. ఆ ఆస్తి ఏడాదిలోపు అమ్మి డబ్బు చేసుకోగలిగేది కావాలి. కొడుకు ఇంటికి బ్యాంకు అప్పుంది, బంకుకు వాటాదారులున్నారు. అయితే ఆ ఫారంలో ఇంకో గడి ఉంది: వచ్చే మనిషి సొంత ఆస్తిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు.

వచ్చే మనిషి పేరు మీద రెండెకరాలున్నాయి.

నేను ఈ సంగతి చెబితే పెద్దవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "ఆగు కొడుకా, నాకు తెలువక అడుగుత. నన్ను సాకుతనని రాసిచ్చేది వాడు. సాకెతందుకు ఆస్తి నాదా?"

అవునన్నాను.

"మరి వాడెందుకు నడుమ?"

అమెరికా వలస శాఖను ఇంత సూటిగా ఎవరూ అడిగి ఉండరు. ఆ రెండెకరాల పాసుబుక్కు అమెరికా కాన్సులేటుకు పోవడం ఇది రెండోసారి. పదేళ్ల కింద మనవరాలు పుట్టినప్పుడు పెద్దవ్వ విజిటర్ వీసాకు పోయింది. అప్పుడూ ఈ చేనునే చూపించారు, "ఇంత ఆస్తి వదులుకొని అక్కడ ఉండిపోను, తప్పకుండా తిరిగొస్తాను" అనడానికి. ఇప్పుడు అదే చేను "అవసరమైతే అమ్ముకొని అక్కడే ఉంటాను" అంటోంది. చేను కదలలేదు, గట్టు మారలేదు. భూమి రికార్డుల్లో ధరణి పోయి భూభారతి వచ్చిందంతే. సాక్ష్యం మాత్రం తిరగబడింది. కోర్టులో మనిషి ఇట్లా చెబితే కేసు పెడతారు.

విలువ కట్టడం ఇంకో తమాషా. సర్కారు విలువ ఒకటి, బయటి విలువ ఒకటి. రిజిస్ట్రేషన్‌కు పోయినప్పుడు తక్కువే బంగారం, అమెరికాకు పోయేటప్పుడు ఎక్కువే బంగారం. కొడుకు రిటర్ను రాయడం ఎక్కడ నేర్చుకున్నాడో అప్పుడర్థమైంది.

కాగితాలన్నీ పట్టుకొని జిరాక్స్ సెంటరుకు పోయాం. పెద్దవ్వ ఒక గుడ్డసంచి తెచ్చింది. పాసుబుక్కు తీస్తుంటే దాని వెంట మడతలు పడి, అంచులు చిరిగిన ఒక స్టాంపు పేపరు వచ్చింది. పసుపు వేళ్ల ముద్రలు దాని మీద ఇంకా ఉన్నాయి. విప్పి చదివాను. 2003 నాటిది. కొడుకు చదువు వీసాకు తల్లీదండ్రీ ఇచ్చిన అఫిడవిట్. "మా కుమారుని చదువు, వసతి, భోజన ఖర్చులన్నియు మేమే భరించగలము" అని ఒక లేఖరి గుండ్రంగా రాశాడు. కింద నాయిన సంతకం, అవ్వ వేలిముద్ర. ఆ పూచీకి గీత లేదు, పావలా లేదు, క్వార్టర్లు లేవు. ఎప్పటితో తీరుతుందో ఎవరూ రాయలేదు. దాని కోసం ఈ చేనునే బ్యాంకులో కుదువ పెట్టారు. అప్పు తీరేసరికి ఎనిమిది పంటలు పోయాయి.

"వాడు నన్ను సరిగ్గ జూడకుంటె?" అని అడిగింది, జిరాక్స్ మిషన్ వెలుగు ముఖం మీద పడుతుంటే.

అక్కడైతే కొడుకు మీద దావా వేయవచ్చని, పేదరికం మీద పావలా దాకా ఇప్పిస్తారని చెప్పాను. ఇక్కడైతే తల్లిదండ్రుల పోషణకు 2007 చట్టముంది, ఆర్మూరు ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకుంటే నెలకు పది వేలు మించకుండా ఇప్పిస్తారన్నాను.

"ఏడికి వోయినా కొడుకు మీద కేసేనా? ఇంతోటిదానికి బొంబాయి దాంక పోవాల్నా?"

వలస వీసా ఇంటర్వ్యూ బొంబాయిలో. దేవగిరి ఎక్స్‌ప్రెస్సే ఎక్కాలి, దుబాయి పిల్లలు ఎక్కిన బండే. పసుపు ఉడకబెట్టడం అయ్యాకే టికెట్ తీయమంది. ఈసారి ధర ఎట్లుంటదో ఏమో, కొడుక్కి ఏమన్నా పంపాల్సి వస్తే అని గొణిగింది.

జిరాక్స్ పిల్లవాడు పాతదీ కొత్తదీ రెండు జమానతు కాగితాలూ చేతిలో పట్టుకొని అడిగాడు: "అవ్వా, రెండు దిక్కుల కొట్టాల్నా, ఒక్క దిక్కేనా?"

"ఒక్క దిక్కే కొట్టు బిడ్డా" అంది పెద్దవ్వ. "మొదటి సంది గట్లనే నడుస్తుంది."